కంబర్లాండ్ దీవికి వెళ్ళేముందు రాత్రి టెంటు ఎక్కడ వెయ్యాలి?

అమెరికాలో జార్జియా రాష్ట్రానికి దక్షిణపు కొసన, ఫ్లోరిడా సరిహద్దును ఆనుకుని ఉన్న ఇసుక దీవి కంబర్లాండ్ ఐలాండ్. పదిహేడున్నర మైళ్ళ పొడవు. అట్లాంటిక్ అలల దెబ్బ ముందు అదే కాచుకుంటుంది, తర్వాతే తీరానికి తగులుతుంది. 1972లో దీన్ని నేషనల్ సీషోర్‌గా, అంటే జాతీయ తీర పార్కుగా ప్రకటించారు. 1982లో ఉత్తరభాగంలో దాదాపు 9,900 ఎకరాలను వైల్డర్‌నెస్‌గా, అంటే అడవిగానే వదిలేశారు. వంతెన లేదు, ఇకముందు కట్టే ఆలోచనా లేదు. దీవి మీద కొట్టు లేదు, కాఫీ దొరకదు. ఉన్నవల్లా మొసళ్ళు, తాబేళ్ళు, నూటయాభై దాకా అడవి గుర్రాలు, కొమ్మలు నేలదాకా వాలిన ఓక్ చెట్లు, కాలిపోయిన డంజనెస్ అనే మహల్ గోడలు.

వెళ్ళాలంటే సెయింట్ మేరీస్ ఊరి రేవులో ఫెర్రీ ఎక్కాలి. అది మనుషుల్ని మాత్రమే తీసుకెళ్తుంది. కోనసీమలో పంటు మీదికి కారెక్కించినట్టు ఇక్కడ కుదరదు. కారు ఒడ్డున పెట్టి, రోజుకి కావలసిన తిండీ నీళ్ళూ భుజాన వేసుకుని ఎక్కడమే.

అట్లాంటాలో ఉండే మన తెలుగువాళ్ళు ఎవరైనా "కంబర్లాండ్ వెళ్తున్నాం, ఏ క్యాంప్‌గ్రౌండ్ బాగుంటుంది?" అని అడిగినప్పుడు నేను ఎదురు ఒకటే అడుగుతాను: ఏ పడవ ఎక్కాలనుకుంటున్నారు? చాలామంది ముందు బీచ్ పక్కన అందమైన క్యాంప్‌సైట్ చూసి ఎంచుకుంటారు, ఆ తర్వాత పడవ వేళల సంగతి చూస్తారు. నా లెక్కలో అది తిరగేసి చేసే పని. ఈ ప్రయాణంలో గడియారం చేతిలో పట్టుకున్నది ఫెర్రీ. క్యాంప్‌గ్రౌండ్ దానికి తగ్గట్టు నడుచుకోవాలి.

పడవ లెక్క

మామూలు రోజుల్లో సెయింట్ మేరీస్ నుంచి పొద్దున తొమ్మిదికి ఒకటి, పదకొండూ ముప్పావుకి ఒకటి బయల్దేరతాయి. ప్రయాణం ముప్పావు గంట. దీవి నుంచి ఆఖరి పడవ సాయంత్రం నాలుగూ ముప్పావుకి. చలికాలంలో వారంలో కొన్ని రోజులు పడవే ఉండదు, కాబట్టి తేదీ ఖాయం చేసుకునేముందు ఆ నెల వేళలు ఒకసారి చూసుకోవాలి.

తొమ్మిది పడవ ఎక్కితే దీవి మీద ఏడు గంటలు చేతిలో ఉంటాయి. డంజనెస్ శిథిలాలు చూసి, సముద్రపు ఒడ్డు వెంట నడిచి, సీ క్యాంప్ దగ్గర ఓక్ నీడలో అన్నం తిని నింపాదిగా తిరిగిరావచ్చు. ఈ దక్షిణపు చుట్టు సుమారు నాలుగు మైళ్ళు. పదకొండూ ముప్పావు పడవైతే మిగిలేది నాలుగు గంటలు. పిల్లలతో ఆ నాలుగు మైళ్ళకే అది సరిపోతుంది, గుర్రాలు కనబడితే ఆగి చూసే తీరిక ఉండదు.

ఉత్తరపు కొసదాకా వ్యానులో తిప్పే పార్క్ టూర్ ఒకటుంది. ప్లమ్ ఆర్చర్డ్ భవనం, ది సెటిల్‌మెంట్ అనే చోట నల్లజాతివాళ్ళు కట్టుకున్న చిన్న చెక్క చర్చి అందులో భాగం. 1996లో జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ పెళ్ళి చేసుకున్నది ఆ చర్చిలోనే. దానికి పొద్దున పడవే గతి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, నాలుగు మైళ్ళు నడవలేరు అనుకుంటే, ఈ టూర్ వాళ్ళకి వరం. దారి మాత్రం మట్టిదారి, గతుకులెక్కువ. నడుము నొప్పి ఉన్నవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

రేవు దగ్గర చెకిన్‌కి కనీసం అరగంట ముందు ఉండాలి. కారు పార్క్ చేసుకోవడం, రేంజర్ల దగ్గర ఆగడం, పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం అన్నీ కలుపుకుంటే ఎనిమిదికల్లా రేవులో ఉండాలి. పడవ టికెట్ పెద్దవాళ్ళకి 40 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, దానిపైన పార్క్ ప్రవేశ రుసుము 15 డాలర్లు, నేషనల్ పార్కుల పాస్ ఉంటే అది అక్కర్లేదు. తాతామామ్మలతో కలిసి ఆరుగురి కుటుంబమైతే పడవకే రెండు వందలు దాటుతుంది. అంత ఖర్చు పెట్టిన పడవని, పదిహేను డాలర్లు చవకని ఎక్కడో దూరంగా టెంటు వేసి, పొద్దున్నే హడావిడిలో పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక చోట్ల సంగతి. దీవి మీదే క్యాంపింగ్ ఉంది. సీ క్యాంప్ అందరికీ అనువైనది, ఇంకా లోపలికి నడవగలిగేవాళ్ళకి స్టాఫర్డ్, హికరీ హిల్, యాంకీ ప్యారడైజ్, బ్రిక్‌హిల్ బ్లఫ్ ఉన్నాయి. అక్కడ దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఆరు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, వసంతకాలపు శనివారాలు తెరిచిన రోజే అయిపోతుంటాయి. దొరకనివాళ్ళకి, ఆర్‌వీతో (ఇల్లులాంటి బండితో) వచ్చేవాళ్ళకి, సామానంతా పడవలోకి మోయలేనివాళ్ళకి ఒడ్డు మీది క్యాంప్‌గ్రౌండ్లే దిక్కు. ఈ వ్యాసం వాళ్ళకోసం.

క్రుకెడ్ రివర్ స్టేట్ పార్క్

సూటిగా చెప్పేస్తాను. ఒక్కరోజు దీవి చూసి రావడమే పనైతే ఇది తప్ప వేరేది వెతకక్కర్లేదు.

జార్జియా స్టేట్ పార్కు ఇది, సెయింట్ మేరీస్ ఊరికి ఉత్తరంగా ఉంది. రేవుకి ఎనిమిది మైళ్ళు, పావుగంట నుంచి ఇరవై నిమిషాల దారి. ఏడున్నరకి బయల్దేరినా ఎనిమిదికల్లా రేవులో ఉంటారు. దారి మధ్యలో కింగ్స్ బే నౌకాదళ స్థావరం ఉంది. ట్రైడెంట్ క్షిపణులు మోసే అణు జలాంతర్గాములకి అమెరికా తూర్పు తీరంలో అదే ఇల్లు. పనిరోజుల్లో పొద్దున ఆ గేటు దగ్గర కాస్త రద్దీ ఉండొచ్చు, ఐదు నిమిషాలు అదనంగా పెట్టుకోండి. గేటుకి ఎదురుగా రోడ్డు పక్కన 1820ల నాటి టాబీ గోడలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, నీళ్ళు, మళ్ళీ ఆల్చిప్పలు కలిపి పోత పోసేదే టాబీ. దీవి మీద ఇలాంటి గోడలే మళ్ళీ చూస్తారు కాబట్టి, తిరుగు ప్రయాణంలో ఇక్కడ పది నిమిషాలు ఆగితే పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది.

క్యాంప్‌గ్రౌండ్‌లో అరవై చిల్లర సైట్లు, అన్నిటికీ కరెంటూ నీళ్ళూ ఉంటాయి. పైన్ చెట్ల నీడ దండిగా ఉంది. బాత్రూములు స్టేట్ పార్కు స్థాయిలో శుభ్రంగా ఉంటాయి. ఇవన్నీ చాలా చోట్ల ఉన్నవే. నేను దీన్ని ముందు పెట్టడానికి ఇంకో కారణం ఇక్కడి పదకొండు కాటేజీలు. వంటగదీ, ఏసీ, మంచాలూ ఉన్న ఇళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారిని టెంటులో నేలమీద పడుకోబెట్టలేం, అలాగని ఆవిడకి హోటల్ రూమ్ తీసి మనం పార్కులో ఉంటే కుటుంబం రెండు ముక్కలవుతుంది. పెద్దవాళ్ళకో కాటేజీ, కుర్రకారుకో టెంటు సైటు తీసుకుంటే రాత్రి వంట కాటేజీలో అయిపోతుంది. పులిహోర కలుపుకుని పొద్దున్నే డబ్బాల్లో సర్దుకోవచ్చు. నీళ్ళ సీసాలు నింపుకుని, కూలర్‌లో ఐసు వేసుకుని బయటపడొచ్చు. ఆ రెండూ పక్కపక్కనే దొరకడం కష్టం, అయినా పార్కు చిన్నది కాబట్టి పెద్ద ఇబ్బంది కాదు. కాటేజీలకి వారాంతాల్లో కనీసం రెండు రాత్రులు తీసుకోమంటారు. దీవికి వెళ్ళే పనికి ఎలాగూ రెండు రాత్రులు కావాలి.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. ఇక్కడ బీచ్ లేదు. పార్కు పక్కన పారేది ఆటుపోట్లతో ఎక్కీ దిగే ఉప్పునీటి నది, చుట్టూ గడ్డి బురద. ఈత కొట్టే చోటు కాదు. సాయంత్రం గాలి ఆగిందంటే ఇసుక నుసుములు లేస్తాయి. కంటికి కనిపించనంత చిన్నవి, కుడితే మాత్రం రెండు రోజులు దురద. దోమతెరలోంచి కూడా దూరగలవు, అందుకే టెంటు జాలీ సన్నగా అల్లినదై ఉండాలి. వసంతంలో, శరదృతువులో వీటి బాధ ఎక్కువ. పొడుగు చేతుల చొక్కా, మందు, చిన్న బ్యాటరీ ఫ్యాను దగ్గర పెట్టుకోండి. ఫ్యాను గాలికి నిలబడలేవు, అదే అన్నిటికన్నా పనిచేసే ఉపాయం. నది ఒడ్డున మొసళ్ళు ఉంటాయి, పిల్లల్ని నీటి అంచుకి ఒంటరిగా పంపొద్దు.

పార్కు లోపలి కాలిబాటల్లో గోఫర్ తాబేలు కనబడొచ్చు. జార్జియా రాష్ట్ర సరీసృపం అదే. పైన్ అడవి ఇసుకలో పెద్ద బొరియలు తవ్వుకుని ఉంటుంది, ఆ బొరియల్లోనే పాములూ కప్పలూ ఎన్నో తలదాచుకుంటాయి. దీవి చూసొచ్చిన మర్నాటి పొద్దున దానికోసం ఒక గంట తిరగడం దండగ కాదు.

ఫోర్ట్ క్లించ్, నీళ్ళకి అవతల

మ్యాపులో చూస్తే ఇదే అన్నిటికన్నా దగ్గర. కంబర్లాండ్ దక్షిణపు కొసకి సరిగ్గా ఎదురుగా, ఫ్లోరిడావైపు అమీలియా ఐలాండ్ ఉత్తరపు కొస మీద ఉంది ఫోర్ట్ క్లించ్ స్టేట్ పార్క్. అమీలియా కూడా ఇసుక దీవే, వంతెన ఉంది కాబట్టి మన పనికి ఒడ్డు కిందే లెక్క. కోట గోడమీద నిలబడితే కంబర్లాండ్ ఇసుక ఎదురుగా కనిపిస్తుంది. దుర్భిణీ ఉంటే ఒక్కోసారి గుర్రాలూ కనిపిస్తాయి.

చిక్కంతా ఇక్కడే. ఎదురుగా కనబడేదానికి దారి లేదు. మధ్యలో సెయింట్ మేరీస్ నది సముద్రంలో కలుస్తుంది, దాని మీద ఇక్కడ వంతెన లేదు. పార్కు నుంచి ఫెర్నాండినా ఊళ్ళోకి వచ్చి, పడమరగా యూలీ దాకా వెళ్ళి, ఐ-95 హైవే ఎక్కి ఉత్తరానికి జార్జియాలోకి దాటి, మళ్ళీ తూర్పుకి తిరిగి సెయింట్ మేరీస్ చేరాలి. ముప్పై మైళ్ళ పైమాటే, యాభై నిమిషాలు. పొద్దున్నే ఏడుకి అందరూ కార్లో ఉండాలి. పసిపిల్లలతో క్యాంపులో ఏడుకి కార్లో ఉండటం అంటే ఐదున్నరకి లేవడమే.

అయితే ఫోర్ట్ క్లించ్‌ని కొట్టిపారెయ్యలేను. మూడు నాలుగు రోజుల సెలవుకి వస్తూ అందులో ఒక్కరోజే కంబర్లాండ్‌కి ఇచ్చేవాళ్ళకి ఇదే బాగుంటుంది. మిగతా రోజులకి బీచ్ ఉంది, కోట ఉంది. 1847లో మొదలుపెట్టి ఎన్నడూ పూర్తిచెయ్యని ఇటుక కోట అది, అమెరికా అంతర్యుద్ధంలో ముందు దక్షిణాదివాళ్ళ చేతిలో, తర్వాత ఉత్తరాదివాళ్ళ చేతిలో ఉంది. ఒడ్డున ఇసుకలో శిలాజంగా మారిన సొరచేప పళ్ళు దొరుకుతాయి. నల్లగా, గోరంత సైజులో ఉంటాయి. పిల్లలకి ఒకటి దొరికిందంటే ఇక ఆ రోజు వాళ్ళ గురించి బెంగ లేదు.

ఇక్కడ క్యాంప్‌గ్రౌండ్లు రెండు. అమీలియా నది వైపుది ఓక్ చెట్ల కింద, నీడలో ఉంటుంది. అట్లాంటిక్ వైపుది ఇసుక దిబ్బల వెనక, ఎండలో ఉంటుంది. ఫొటోల్లో రెండోది బాగుంటుంది, చాలామంది దాన్నే పట్టుకుంటారు. మే నుంచి సెప్టెంబరు దాకా టెంటువాళ్ళు నది వైపే తీసుకోండి. ఎండ కాసిన ఇసుక మీద మధ్యాహ్నం టెంటులోకి పోలేరు. ఆర్‌వీలో ఏసీ ఉన్నవాళ్ళకి సముద్రం వైపు గాలి హాయిగానే ఉంటుంది. పార్కు గేటు పొద్దుగూకగానే మూసేస్తారు, క్యాంపు చేసేవాళ్ళకి కోడ్ ఇస్తారు. అట్లాంటా నుంచి శుక్రవారం పని ముగించుకుని బయల్దేరి అర్ధరాత్రి చేరేవాళ్ళయితే పగలే ఫోన్ చేసి ఆ కోడ్ తీసుకుని ఉంచుకోవాలి. ఫెర్నాండినా ఊళ్ళో కాగితపు గుజ్జు మిల్లులున్నాయి, గాలి అటునుంచి వీస్తే వాసన తగులుతుంది. ఊరివాళ్ళు దాన్ని పట్టించుకోరు, మీరూ పట్టించుకోకండి.

నడవలేని పెద్దవాళ్ళుంటే ఫెర్నాండినా నుంచి కంబర్లాండ్ పక్కగా తిప్పి తీసుకొచ్చే విహార పడవలున్నాయి. దీవి మీద దింపవు. రెండు గంటలు కూర్చునే గుర్రాల్నీ, డాల్ఫిన్లనీ చూసి రావచ్చు. ఇంట్లో సగం మంది ఫెర్రీకి, సగం మంది ఈ పడవకి అని విడిపోయే పనైతే ఫోర్ట్ క్లించ్ మంచి మకాం.

ఐ-95 పక్కన, ఇంకా ఉత్తరాన

ఐ-95 మీద జార్జియా మొదటి ఎగ్జిట్ దగ్గర కింగ్స్‌ల్యాండ్‌లో కేవోఏ అనే ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ ఉంది, ఆ చుట్టుపక్కల ఇంకొన్ని ప్రైవేటు ఆర్‌వీ పార్కులున్నాయి. రేవుకి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. పెద్ద ఆర్‌వీలు మలుపులు తిప్పకుండా నేరుగా దూరి నేరుగా బయటికి వచ్చే సైట్లు, మురుగు కనెక్షను, ఈత కొలను, లాండ్రీ వీటి బలం. హైవే హోరు వీటి బలహీనత. రాత్రి పదకొండుకి చేరి పొద్దున పడవెక్కి సాయంత్రం అటునుంచి అటే ఒర్లాండో వెళ్ళిపోయే ఆర్‌వీ కుటుంబానికి నేనైతే ఇవే చెప్తాను. టెంటు వేసుకునేవాళ్ళకి వద్దు. లారీల మోత వింటూ పడుకోవడానికి అంతదూరం రావడం దేనికి?

జెకిల్ ఐలాండ్ క్యాంప్‌గ్రౌండ్ గురించి చాలామంది అడుగుతారు. అందమైన చోటు, సందేహం లేదు. 1947 నుంచి ఆ దీవి జార్జియా రాష్ట్రానిది, అందులో ఎక్కువ భాగం కట్టడాలు లేకుండా ఉంచాలని చట్టమే ఉంది. క్యాంప్‌గ్రౌండ్ నుంచి నడిస్తే డ్రిఫ్ట్‌వుడ్ బీచ్, తీరం కోసుకుపోయి వేళ్ళతో సహా కూలిన చెట్లు ఇసుక మీద ఎండి తెల్లబడి ఉంటాయి. గాయపడిన సముద్రపు తాబేళ్ళకి వైద్యం చేసే కేంద్రం కూడా ఆ దీవి మీదే ఉంది. కానీ క్యాంప్‌గ్రౌండ్ దీవికి ఉత్తరపు కొసన ఉండటంతో అక్కణ్ణించి సెయింట్ మేరీస్ గంట ప్రయాణం. కంబర్లాండ్ కోసం జెకిల్‌లో దిగకండి. జెకిల్ కోసమే జెకిల్ వెళ్ళండి, అది వేరే సెలవు.

జాక్సన్‌విల్‌లో ఉండేవాళ్ళు నన్నడిగితే క్యాంపే అక్కర్లేదంటాను. ఇంటినుంచి ముప్పావు గంట, గంటలో రేవు చేరతారు. ఇంట్లో పడుకుని లేచి వెళ్ళడమే.

ఏ నెలలో వెళ్తే ఏది

మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు వచ్చేది ఎక్కువగా వేసవిలో. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఉక్క, దోమలు, మధ్యాహ్నపు ఉరుముల వానలు. మే నుంచి ఆగస్టు దాకా లాగర్‌హెడ్ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, అది మంచి ఆకర్షణే. గుడ్లు పెట్టేది రాత్రి కాబట్టి పగటి పడవ మీద వెళ్ళినవాళ్ళకి గూళ్ళ గుర్తులే కనబడతాయి. వేసవిలో తప్పదనుకుంటే క్రుకెడ్ రివర్ కాటేజీ తప్ప మరో ఆలోచన పెట్టుకోవద్దు. ఏసీ ఉన్న గోడల మధ్య రెండు రాత్రులు పడుకుంటేనే పెద్దవాళ్ళు పగలు దీవి మీద తిరగగలరు. టెంటుకి నవంబరు, ఫిబ్రవరి చివర, మార్చి బాగుంటాయి. థాంక్స్‌గివింగ్ వారం చలి తేలిగ్గా ఉండి పురుగూ తగ్గి ఉంటుంది, అందుకే సైట్లు త్వరగా నిండుతాయి.

కూరగాయలూ పాలూ లాంటివి హైవే 40 మీది వాల్‌మార్ట్‌లో దొరుకుతాయి. కరివేపాకు, పెరుగు తోడు, పచ్చళ్ళు ఇంటినుంచే తెచ్చుకోండి. దీవి మీద చెత్తడబ్బాలు లేవు. తెచ్చిన ప్రతి కవరూ, తిన్న ప్రతి తొక్కా తిరిగి పడవలోకే రావాలి, కాబట్టి మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలు కాగితపు ప్లేట్ల కన్నా నయం. తాగే నీళ్ళు సీ క్యాంప్, డంజనెస్ దగ్గర పట్టుకోవచ్చు, బీచ్ మీద దొరకవు. ఆఖరి పడవ తప్పితే సొంత ఖర్చుతో ఎవరి పడవనో మాట్లాడుకుని రావాలి. ఆ బిల్లు చూశాక రాత్రి క్యాంప్‌గ్రౌండ్ అద్దె ఒక లెక్కగా కనబడదు.

బుకింగ్ వరస కాస్త తిరకాసుగా ఉంటుంది. జార్జియా స్టేట్ పార్కులు పదమూడు నెలల ముందు నుంచి ఇస్తాయి. ఫ్లోరిడా స్టేట్ పార్కులు ఆ రాష్ట్రంవాళ్ళకి పదకొండు నెలల ముందు, బయటివాళ్ళకి పది నెలల ముందు తెరుస్తాయి, అందుకే ఫోర్ట్ క్లించ్‌లో మంచి సైట్లు అట్లాంటావాళ్ళ చేతికి వచ్చేసరికి కొన్ని పోయి ఉంటాయి. ఫెర్రీ టికెట్లు తెరిచేసరికి క్యాంప్‌సైట్లు సగం నిండిపోతాయి. కాబట్టి పడవ వేళని బట్టి చోటు ఎంచుకున్నా, బుకింగ్ మాత్రం ముందు క్యాంప్‌సైటుకి చేసి, రెండు రాత్రులకి, వీలైతే మూడింటికి తీసుకోండి. పడవ ఆ మధ్యలోని మొదటి పొద్దునకి పెట్టుకోండి. గాలివాన వచ్చి ఫెర్రీ ఆపేస్తే మర్నాడు మళ్ళీ ప్రయత్నించడానికి ఒక రోజు చేతిలో ఉంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం, ఆ నెలల్లో మూడో రాత్రి తప్పనిసరి అనుకోండి.

మూడు రాత్రులు తీసుకున్నా పడవ ఒక్కరోజు కూడా కదలకపోతే, సెయింట్ మేరీస్ రేవు వీధిలోనే జలాంతర్గాముల మ్యూజియం ఉంది, పెరిస్కోపులో కన్నుపెట్టి చూడొచ్చు. వాన వెలిశాక పడమరగా ముప్పావు గంట వెళ్తే ఫోక్స్‌టన్ దగ్గర ఓకెఫనోకీ చిత్తడి నేల. క్రుకెడ్ రివర్ నుంచీ, కింగ్స్‌ల్యాండ్ నుంచీ అది పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చే దూరం. ఫోర్ట్ క్లించ్ నుంచి ఇంకాస్త దూరం, జెకిల్ నుంచి ఇంకా ఎక్కువ.